మర్యాదస్తుల ఫోల్డరు

మా గొడుగుల కార్ఖానాలో ఆవిడ అందరికీ వదినే. యజమానికీ వదినే, ఆయన కూతురికీ వదినే, కుట్టుమిషన్లు బాగుచేసే నూనె మామకీ వదినే. ఆ మామ వయసులో ఆవిడకి తండ్రిలాంటివాడు. వరసలు కలవవని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆవిడ మొగుడు, బస్సు కండక్టరన్నయ్య, ఒకరోజు మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, అందరి నోటా విని విని, "వదినా, ఇదిగో" అనేశాడు. ఆ క్యారేజీ మూత సాయంత్రం దాకా తెరుచుకోలేదు. వదిన మూతి వారం దాకా తెరుచుకోలేదు.

వదినకి సర్దుడు జబ్బు. దానికి మందు లేదు. ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో ఉన్న చెప్పులన్నీ జతలుగా పెట్టాకే లోపలికి అడుగుపెడుతుంది. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నాడి పట్టుకుని గడియారం చూసుకునే లోపల, రెండో చేత్తో ఆయన బల్లమీది మందు సీసాలన్నీ పొట్టివి ముందు, పొడుగువి వెనక నిలబెట్టేసింది. ఆ డాక్టరు ఇప్పటికీ దగ్గు మందు కోసం వెతుక్కుంటూనే ఉన్నాడని జనం చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి.

కొత్తల్లో ఆవిడా నాలాగే పీట మీద కూర్చుని గొడుగు ఊచలకి గుడ్డ కుట్టేది. నా బల్ల ఆఫీసు గది కిటికీకి ఆనుకునే ఉంటుంది కాబట్టి లోపల చీమ తుమ్మినా నాకు తెలుస్తుంది. ఒకరోజు ఆ గదిలోకి కంప్యూటరు వచ్చింది. ఇకమీదట ఆర్డర్లు ఫోన్లో చెప్పం, మెయిలు చేస్తాం అని కొనేవాళ్ళు పట్టుబట్టారట. మా యజమానిని మేము బాబాయ్ గారూ అంటాం. ఆయన దాన్ని బల్లమీద పెట్టించి, "ఎవరు కూర్చుంటారు?" అన్నారు. అందరం గోడవైపు చూశాం. వదిన మాత్రం తెరవైపు చూసింది. అక్కడ చిన్న చిన్న బొమ్మలు చిందరవందరగా పడి ఉన్నాయి.

"ఎవరండీ ఇలా పడేసింది? కొత్త సామాను ఇలాగేనా పెట్టేది?" అని వెళ్ళి కూర్చుని, ఎలక పట్టుకుని ఒక్కొక్క బొమ్మనీ లాగి వరసలో నిలబెట్టింది. ఎలక పట్టుకోవడం ఎవరు నేర్పారో దేవుడికే తెలియాలి. బాబాయ్ గారు ఆ క్షణంలోనే, "వదినా, ఈ కుర్చీ నీదే" అనేశారు.

ఆ కుర్చీ సంగతి చెప్పాలి. మెత్త ఉంది, చేతులు ఉన్నాయి, తిరుగుతుంది. మా కార్ఖానా మొత్తంలో తిరిగే వస్తువులు రెండే, ఆ కుర్చీ, పైన ఫ్యాను. ఫ్యానైనా ఒక్కోసారి ఆగుతుంది. ఏళ్ళ తరబడి పీట మీద కూర్చున్న నడుముకి ఆ మెత్త తగిలినప్పుడు వదిన మొహం చూడాల్సింది. కండక్టరన్నయ్య డ్యూటీ మధ్యలో వచ్చి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటో వాళ్ళ పెళ్ళి ఫొటో పక్కనే వేలాడుతుంది. రెండింటిలో వదిన నవ్వింది కుర్చీ ఫొటోలోనే.

మామూలు మనుషులు మెయిళ్ళని పేరు చూసో, నెల చూసో ఫోల్డర్లలో పెట్టుకుంటారట. వదినకి ఆ పద్ధతి నచ్చలేదు. "పేరు చూస్తే వాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుస్తుందా? గుణం చూస్తే తెలుస్తుంది" అంది. గుణాన్ని బట్టి ఫోల్డర్లు కట్టింది. కోపిష్టులు ఒకటి. నసగాళ్ళు ఒకటి. అడిగిందే అడిగేవాళ్ళు ఒకటి. పొగిడి పని చేయించుకునేవాళ్ళు ఒకటి. అన్నిటికంటే పైన, మర్యాదస్తులు. అందులోకి వెళ్ళడం అంటే మాటలు కాదు. చెప్పుల కొట్టాయన పెళ్ళి చేసుకుని మెత్తబడ్డాడని వదిన అతన్ని కోపిష్టుల్లోంచి తీసి మర్యాదస్తుల్లోకి ఎక్కించింది. ఆరు నెలలకి మళ్ళీ దించేసింది. పాపం అతనికి ఎక్కిందీ తెలియదు, దిగిందీ తెలియదు.

చెత్తబుట్టని కూడా వదల్లేదు. డిలీట్ కొట్టినవన్నీ వెళ్ళి పడే ఆ ట్రాష్‌లో కూడా అరలు కట్టింది: మంచి చెత్త, మళ్ళీ చూడాల్సిన చెత్త, నిజం చెత్త. నిజం చెత్త ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ఇక ఆవిడ ప్రాణమంతా మడతలో ఉంది. మెయిలు ఒక ఫోల్డరులోంచి తీసేసినా అది నిజంగా పోదట. దుప్పటి ముసుగేసుకుని కనబడకుండా అక్కడే పడుకుంటుందట. కాంపాక్ట్ అనే మాట మీద నొక్కితే, ఆ పడుకున్నవాళ్ళని లేపి బయటికి పంపేసి, మిగిలినవాళ్ళని దగ్గర దగ్గరగా జరిపి కూర్చోబెడుతుందట. ఈ సంగతి తెలిసిన రోజు వదిన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దానికి మడత అని పేరు పెట్టింది. రోజూ భోజనానికి లేచే ముందు ఫోల్డర్లన్నిటికీ మడత పెట్టేది. పెట్టి, గోడకున్న స్విచ్చి టక్కున ఆపేసి బయటికి వచ్చేది.

"అదేంటి వదినా, స్విచ్చి ఆపేశావు?"

"పొద్దుట్నుంచీ పని చేసింది. దానికి మాత్రం ఆకలెయ్యదా?"

"ఆకలేస్తే కరెంటు తీసేస్తారా?"

"నువ్వు నోరు మూసుకుని పిడికి తాడు కట్టు."

కట్టాను. అప్పుడే గట్టిగా అడిగి ఉంటే ఇంత కథ జరిగేది కాదు. జరగకపోతే ఇప్పుడు మీకు చెప్పడానికి నాకేం ఉండేది?

గొడవ ఐస్‌క్రీమాయన ఫోనుతో మొదలైంది. ఎండల్లో బండ్లకి పెద్ద గొడుగులు మా దగ్గరే కొంటాడు. బాబాయ్ గారు ఫోనెత్తితే అవతల ఆయన ముక్కు చీదుతున్నాడు.

"మీ ఆఫీసు నుంచి వచ్చిన ఓదార్పు మెయిలు చూశానండీ. ఇంట్లోవాళ్ళందరికీ చదివి వినిపించాను. అయినా మా పెద్ద మిషను పోయిందని మీకెలా తెలిసింది? నిన్న పొద్దున్నే కదా ఆగిపోయింది!"

"ఏ మిషనండీ?"

"ఐస్‌క్రీము మిషను. ఇరవై ఏళ్ళు మాతోనే ఉంది. 'పోయినవారి చల్లదనం మీ మనసుల్లో ఎప్పటికీ ఉంటుంది' అని రాశారు చూడండీ, అక్కడ మా ఆవిడ ఆగలేకపోయింది."

బాబాయ్ గారు ఫోను పెట్టేసి కిటికీలోంచి నావైపు చూశారు. నేను తాడు వైపు చూశాను.

అసలు జరిగింది ఇదీ. ఆ ముందురోజు వదిన మర్యాదస్తుల ఫోల్డరులో ఐస్‌క్రీమాయన మెయిలు తెరిచింది. పైన పేరు ఆయనదే. లోపల మాత్రం, 'కన్నీటి వేళ మీరు చూపించిన ఆదరణకు కృతజ్ఞతలు' అని ఉంది. అయ్యో పాపం అనుకుని, కళ్ళొత్తుకుని, ఓదారుస్తూ జవాబు రాసింది. దాని కిందిది అంతిమయాత్రలు జరిపించే ఆఫీసు మేనేజరుగారిది. ఆయనా మర్యాదస్తుడే, అందుకే ఇద్దరూ ఒకే ఫోల్డరులో పక్కపక్కన కూర్చున్నారు. అది తెరిస్తే, 'ఎండలు ముదిరాయి, జనం ఎగబడుతున్నారు, కొత్త కొత్తవి పెడుతున్నాం' అని ఉంది. వదినకి అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ మర్యాదస్తుల్ని అనుమానించకూడదని ఆవిడ నియమం. ఎవరి వ్యాపారం వాళ్ళది అనుకుని, నిండుమనసుతో జవాబు కొట్టేసింది.

ఆ జవాబు పట్టుకుని మేనేజరుగారు మధ్యాహ్నానికి స్వయంగా వచ్చారు. నల్లకోటు, నల్లబూట్లు, మెట్లెక్కుతుంటే చప్పుడే లేదు. ఆయన గుమ్మంలో నిలబడగానే మా కుట్టుమిషన్లన్నీ వాటంతట అవే ఆగిపోయాయి. ఎవరికో ఏదో అయిందనుకుని నూనె మామ పీట మీద కూలబడి నాడి చూసుకున్నాడు.

"ఇక్కడ మెయిళ్ళు రాసేది ఎవరండీ?" చాలా నెమ్మదిగా అడిగారు.

"నేనేనండీ" అంది వదిన సంతోషంగా లేచి. మర్యాదస్తుడు ఇంటికి వచ్చినంత సంబరం.

ఆయన జేబులోంచి కాగితం తీసి, సంతాప సభలో చదివినట్టు చదివారు. "'ఈ సీజను మీకు మూడు పువ్వులు, ఆరు కాయలుగా సాగాలి. మీ గుమ్మం ముందు జనం బారులు తీరాలి. ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ రావాలి. మా కార్ఖానా వాళ్ళం కూడా త్వరలోనే పిల్లాపాపలతో మీ దగ్గరికి వస్తాం.'" కాగితం మడిచారు. "అమ్మా, మా దగ్గరికి ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రారు."

నేను నోట్లో తాడు కుక్కుకున్నాను. అయినా నవ్వు చెవుల్లోంచి వచ్చింది.

బాబాయ్ గారికి నవ్వు రాలేదు. మొహం ఎర్ర గొడుగులా విచ్చుకుంది. "వదినా! ఏంటిది?"

"ఆయన రాసినదానికే జవాబు రాశానండీ! కావాలంటే చూడండి" అంటూ వదిన ఆ మెయిలు తెరిచింది. ఈసారి మేనేజరుగారి పేరు కింద చెప్పుల కొట్టాయన మర్యాదగా ఉన్న రోజుల్లో రాసిన ముక్క వచ్చింది. మళ్ళీ నొక్కింది. సగం అక్షరాలు, సగం పిచ్చి గీతలు. సర్దిన ఇంట్లో ఎవరో చొరబడి అన్నీ తారుమారు చేసినట్టు ఆ తెరవైపు చూసింది.

"సరే, అయిపోయింది" అన్నారు బాబాయ్ గారు. "ఈ పెట్టె పాతదైపోయింది. మా అమ్మాయిని రమ్మంటాను. ఆర్డర్లన్నీ తన ఫోన్లోకి మార్చుకుని దీన్ని తీసిపడేస్తుంది. నువ్వు రేపట్నుంచి ప్యాకింగు గదిలో కూర్చో. అక్కడ సర్దుకోవడానికి బోలెడుంది."

ప్యాకింగు గదిలో కుర్చీల్లేవు. అట్టపెట్టెల మీదే కూర్చోవాలి. అది వదినకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ కుర్చీ చేతిమీద ఉన్న దుమ్ము లేని చోటే తువ్వాలుతో తుడుస్తూ నిలబడింది. నాకు నవ్వంతా దిగిపోయింది.

"మీరు వెళ్ళి రండి, మొన్న దారిలో కనపడి చెప్పారుగా, మీ గొడుగులు కటింగులో ఉన్నాయి, ఏమీ తేడా రాదు" అని బాబాయ్ గారు మేనేజరుగారికి సర్దిచెప్పబోయారు.

"నేను రాసిన మెయిలు నా కళ్ళతో చూసి వెళ్తానండీ" అని ఆయన బల్లకి ఇవతలున్న ఇనప కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నాకు తొందర లేదు. మా వృత్తిలో తొందరుండదు."

బాబాయ్ గారి కూతురు వచ్చేలోపు కార్ఖానా అంతా వైద్యం మొదలుపెట్టింది. నూనె మామ కంప్యూటరు వెనక చెవి పెట్టి విని, "లోపల పొడిబారింది, రెండు చుక్కలు వేద్దాం" అన్నాడు. వదిన నూనెడబ్బా లాక్కుని ఎత్తు ప్రకారం అలమారలో పెట్టేసింది. ఎవరో నెత్తిమీద కొట్టమన్నారు. ఎవరో కాసేపు ఎండలో పెట్టమన్నారు. ఆ ఎవరో నేనే.

బాబాయ్ గారి కూతురు, మేమనే చదువుల పిల్ల, స్కూటరు దిగి వచ్చింది. మంచి పిల్ల, పొగరు లేదు, కాకపోతే మాట వేగం. ఒకసారి ఇటూ అటూ నొక్కి చూసి, "ఓ, ఇంతేనా! ఫోల్డరు మీద కుడివైపు నొక్కి, ప్రాపర్టీస్‌లో రిపేరు అని ఉంటుంది. అది కొడితే సరిపోతుంది" అంది.

అంతవరకూ పక్కన నిలబడి ఉన్న వదిన గబుక్కున బల్లకీ ఆ పిల్లకీ మధ్యలోకి వచ్చి చేతులు చాపింది.

"రిపేరు మాత్రం వద్దు!"

"ఎందుకు వదినా?"

"రిపేరుకి ఇచ్చిన వస్తువు ఏదైనా ఇచ్చినట్టు తిరిగొచ్చిందా? మా మిక్సీ ఇచ్చాను, మూత లేకుండా వచ్చింది. రేడియో ఇచ్చాను, పాటలు పోయి వార్తలే వస్తున్నాయి. చేతి గడియారం ఇస్తే, టైము బాగానే చూపిస్తోంది, పట్టీ మాత్రం ఇంకెవరిదో. మా ఆయన్ని పంటి రిపేరుకి పంపిస్తే నొప్పి లేని పన్ను పీకించుకుని వచ్చాడు. వీళ్ళంతా నా మర్యాదస్తులు. వీళ్ళని రిపేరుకి ఇవ్వను."

మేనేజరుగారు నెమ్మదిగా తల ఊపారు. "పన్ను విషయం నాకూ జరిగింది" అన్నారు.

చదువుల పిల్ల నవ్వి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. "వదినా, వినండి. మెయిళ్ళన్నీ విడివిడిగా ఉండవు. ఫోల్డరంతా ఒకటే పెద్ద మూట, ఒకదాని వెనక ఒకటి కుట్టేసి ఉంటాయి. పక్కన ఒక చిన్న పట్టిక ఉంటుంది, ఏ మెయిలు మూటలో ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి. మీరు పేరు మీద నొక్కితే ఇది పట్టిక చూసి, మూటలో ఆ చోటికి వెళ్ళి చదువుతుంది. ఇప్పుడు మూట జరిగింది, పట్టిక పాతదే ఉండిపోయింది. అందుకే ఒకరి పేరు కింద ఇంకొకరి మాట వస్తోంది. రిపేరు అంటే మెయిళ్ళని ముట్టుకోదు. ఆ పాత పట్టిక పారేసి, మూటంతా మొదట్నుంచీ చదివి కొత్త పట్టిక రాసుకుంటుంది, అంతే."

"మూట జరగడం ఏంటి? నేను జరపలేదే."

"అదే నాకూ అర్థం కావట్లేదు. కాంపాక్ట్ అవుతున్నప్పుడు మధ్యలో కరెంటు పోతే ఇలా అవుతుంది. ఈమధ్య కరెంటు పోయిందా?"

"లేదు" అంది వదిన.

"లేదు" అన్నారు బాబాయ్ గారు.

నేను కిటికీలోంచి, "కరెంటు పోలేదు. వదినే పంపించింది" అన్నాను.

గదిలో అందరూ వదినవైపు తిరిగారు. వదిన నావైపు తిరిగింది. ఆ చూపు గాజుసీసాలో పోసి అమ్మితే ఎలకల మందులా పనిచేసేది.

"మడత పెట్టి, పడుకోమని ఆపాను" అంది చివరికి.

"పూర్తిగా అయ్యాక ఆపేవారా?"

"నొక్కితే అయిపోయినట్టేగా! నేను దుప్పటి మడతపెడితే ఎంతసేపు పడుతుంది?"

"మీకు రెండు మెతుకులు తినేంత సేపు. దీనికి ఇంకాస్త ఎక్కువ. ఇన్నాళ్ళూ గట్టెక్కిందంటే అదృష్టం. దుప్పటి సగం మడతలో ఉండగా మీరు దాని చేతులు విరిచేశారు వదినా!"

వదిన మొహం చూస్తే, నిద్రపోతున్న పసిబిడ్డని తొక్కినట్టు అయిపోయింది. "అయ్యో, నా చేత్తోనే చేశానా" అని కంప్యూటరు నెత్తి నిమిరింది. మేనేజరుగారు జేబులోంచి శుభ్రమైన చేతిరుమాలు తీసి అందించారు. వృత్తి అలవాటు.

"రిపేరు చేసే ముందు మూటకి ఒక నకలు తీసుకుందాం, భయం లేకుండా ఉంటుంది" అంది పిల్ల. అక్కడ ఇంకో అడ్డంకి వచ్చింది. పెన్‌డ్రైవు పెట్టే కంతల్లో ఏళ్ళ తరబడి గొడుగు గుడ్డ పీచు చేరి గట్టిపడిపోయింది. పోనీ లోపలే నకలు తీద్దామంటే, ఖాళీ లేదంది మిషను. ఎందుకు లేదని వెతికితే మంచి చెత్త దొరికింది. ఆ ఒక్క అరే ఇంటికి మించిన అటకలా నిండిపోయి ఉంది.

పిల్ల తెరిచింది. గులాబీ. ఇంకోటి తెరిచింది. మంచుబొట్లతో గులాబీ. తర్వాత మందారం, తర్వాత తామర, తర్వాత సూర్యుడితో సహా పొద్దుతిరుగుడు. ప్రతిదాని మీదా శుభోదయం. పంపింది కండక్టరన్నయ్య. బస్సెక్కే ముందు రోజుకొక పువ్వు, ఒక్కొక్కటీ గోడంత. వదిన రోజూ డిలీట్ కొట్టేది. కొట్టి, దాచుకునేది.

వదిన చెవులు ఎర్రబడ్డాయి. "అది మంచి చెత్త" అంది మెల్లగా.

"ఇవి ఖాళీ చేస్తే నకలుకి చోటొస్తుంది. చేస్తేనే రిపేరు ధైర్యంగా కొట్టగలం. మీ ఇష్టం వదినా" అంది పిల్ల.

కుర్చీయా, పూలా? వదిన ఆ కుర్చీ వంకా, తెర వంకా మార్చి మార్చి చూసింది. ఆవిడ అంత సేపు దేనికీ ఆలోచించలేదు, పెళ్ళికి కూడా. చివరికి ఫోను తీసి మొగుడికి చేసింది. స్పీకరు మీద పెట్టమని నేనే కిటికీలోంచి సైగ చేశాను. పెట్టింది.

బస్సు హోరు, హారను, జనం గోల. "ఆఁ, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది! ఏంటి, చెప్పు!"

"ఏమండీ, మీరు పంపిన పూలన్నీ తీసేయాలంటున్నారు. లేకపోతే నా కుర్చీ పోతుందట."

"పూలా? నువ్వు రోజూ డిలీట్ కొడతావుగా! డ్యూటీ మధ్యలో వచ్చినప్పుడు చూసి ఎన్నిసార్లు కుళ్ళి కుళ్ళి ఏడ్చానో!"

"కొట్టాను. చెత్తలో దాచాను."

"చెత్తలోనా?"

"మంచి చెత్తలో."

అవతల టికెట్టు మిషను కింద పడ్డ చప్పుడు వినబడింది. తర్వాత అన్నయ్య గొంతు బస్సు మొత్తానికి చాటింపు వేసినట్టు లేచింది. "విన్నారా అండీ! మా ఆవిడ అన్నీ దాచుకుందట! మొదటి రోజు నుంచీ!" బస్సులో ఎవరో ఈల వేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ, "మా ఆయనకి ఫోనివ్వండి బాబూ, వినిపించాలి" అంటోంది. "తీసెయ్, తీసెయ్! అన్నీ తీసెయ్! కుర్చీ పోగొట్టుకోకు! పూలకేముంది, రేపు పొద్దున్నే ఇంకా పెద్దది పంపిస్తా!"

"పెద్దది వద్దండీ! చిన్నవి పంపండి!" అని గదిలో అందరం ఒకేసారి అరిచాం. మేనేజరుగారు కూడా.

వదిన మంచి చెత్త ఖాళీ చేసింది. చేస్తూ కళ్ళు మూసుకుంది. నకలు తీశారు. ఇక రిపేరు మిగిలింది. చదువుల పిల్ల ఎలక పట్టుకోబోతే వదిన ఆ చేతిమీద చెయ్యి వేసింది.

"చెడగొట్టింది నేను. నేనే కొడతాను. మీరంతా గోడ స్విచ్చికి దూరంగా నిలబడండి."

నూనె మామ స్విచ్చి ముందు రెండు చేతులూ చాపి కాపలా నిలబడ్డాడు. వదిన నొక్కింది. మెయిళ్ళ పేర్లన్నీ ఒక్కసారి మాయమైపోయాయి. ఫోల్డరు తెల్లగా, ఖాళీగా.

"చూశారా! మా మిక్సీలాగే మూత లేకుండా వచ్చింది!" అని వదిన కేకపెట్టింది.

"ఆగండి వదినా, పట్టిక రాసుకుంటోంది!"

ఒక పేరు వచ్చింది. తర్వాత ఇంకోటి. తర్వాత స్కూలు గంట కొట్టాక పిల్లలు వరసలో నిలబడినట్టు గబగబా అందరూ వచ్చేశారు. వదిన ఐస్‌క్రీమాయన పేరు నొక్కింది. బండ్లు, ఎండలు, జనం. కన్నీటి వేళ కృతజ్ఞతలు మేనేజరుగారి పాత మెయిలు కిందికి చేరాయి. ఎవరి పేరు కింద వాళ్ళే కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నారు. కార్ఖానా అంతా కిటికీ దగ్గర మూగి ఉంది. నేను ఈల వేశాను. వేయడం రాదు, అయినా వేశాను.

"నాది చదవండి" అన్నారు మేనేజరుగారు.

వదిన గొంతు సవరించుకుని పైకి చదివింది. "'గౌరవనీయులైన గొడుగుల కార్ఖానా వారికి. మా దగ్గరికి వచ్చే బంధువులు వానలో తడుస్తున్నారు. వారికోసం గొడుగులు కావాలి. ఒక్క మనవి. దయచేసి నలుపు వద్దు. నేను ముప్ఫై ఏళ్ళుగా నలుపే చూస్తున్నాను. ఆకాశం రంగువి పంపండి. తల దించుకుని వచ్చినవాళ్ళు గొడుగు విప్పడానికైనా ఒకసారి పైకి చూస్తారు కదా, చూసినప్పుడు కాస్త నీలం కనపడాలి.'"

బాబాయ్ గారి మొహంలో రంగులు మారాయి. "నలుపు వద్దా?"

"వద్దని రాశాను కదండీ."

"మీరు అంతిమయాత్రల వాళ్ళు కదా, అడగడమెందుకని నలుపే..." మాట పూర్తి కాలేదు. పక్క హాల్లోంచి కత్తెరల చప్పుడు వినిపిస్తోంది. బాబాయ్ గారు పంచెలో మంట అంటుకున్నట్టు పరిగెత్తారు. "ఆపండి! కత్తెరలు ఆపండి! కింద పెట్టండి అందరూ!" హాల్లో కత్తెరలు ఒక్కొక్కటీ బల్లమీద పడుతున్న చప్పుడు మాకు వినబడింది. అదృష్టం బాగుండి అప్పుడే మొదటి తాను విప్పారట.

ఆయన రొప్పుతూ తిరిగొచ్చేసరికి వదిన ప్యాకింగు గదికి పోవడానికి తువ్వాలు మడత పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"ప్యాకింగు గదికి. మీరే అన్నారుగా."

"నేనెప్పుడన్నాను?"

"ఇందాకే అన్నారు. అందరూ విన్నారు."

బాబాయ్ గారు అందరివైపూ చూశారు. ఆయనకి కావలసిన జవాబు ఎవరైనా ఇస్తారేమోనని. నేను ఇచ్చాను. "నేను వినలేదు బాబాయ్ గారూ. నా చెవులు సరిగా పనిచేయవు." ఇరవై ఏళ్ళలో నేనాడిన అతి పెద్ద అబద్ధం అదే.

"నాకైతే ఈ పని ఫోన్లో చేయడం చేతకాదు నాన్నా" అంది చదువుల పిల్ల. "ఇంతమంది గుణాలు గుర్తుపెట్టుకోవడం నావల్ల కాదు. మనిషి ఇక్కడే ఉండాలి. ఆ స్విచ్చి మీద మాత్రం ఒక అట్టముక్క అతికించండి."

"కూర్చో వదినా" అన్నారు బాబాయ్ గారు. "ఈసారి పూర్తిగా అయ్యాకే ఆపు."

వదిన కూర్చుంది. కుర్చీ ఒక్కసారి చుట్టూ తిరిగింది. తిప్పింది ఆవిడో, సంతోషమో నేను చెప్పలేను. తర్వాత ముందుకు వంగి టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

మేనేజరుగారు బల్లకి ఇవతల కూర్చునే ఉన్నారు. "ఏం రాస్తున్నారమ్మా?"

"మీకే జవాబు."

"నేను ఇక్కడే ఉన్నాను కదా, చెప్పేయొచ్చుగా."

"నోటి మాట ఫోల్డరులో పడదండీ" అంది వదిన తల ఎత్తకుండా. "ఇంటికెళ్ళి చదువుకోండి."

ఆయన లేచి, కోటు సర్దుకుని, నిజంగానే చప్పుడు లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు, చదువుకోవడానికి.